కీమో తర్వాత చలిజ్వరం: మొదటి సూది ఎక్కడ వేయించాలో ముందే తేల్చుకోండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఊరు దేవరకొండ దగ్గర. అమ్మకు లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆర్-చాప్ అనే మందుల కలయికతో మూడో కీమో ఎక్కించుకుని ఇంటికి వచ్చిన తర్వాత, పదో రోజు రాత్రి వణుకుతో 101.6 జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ డోలో గోలీ, రెండు సూదులు ఇస్తే తెల్లారేసరికి తగ్గింది. మర్నాడు ల్యాబ్‌లో టైఫాయిడ్‌కు చేసే వైడల్ పరీక్ష పాజిటివ్, తెల్లకణాలు 900. టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. సాయంత్రానికి బీపీ పడిపోయింది, హైదరాబాద్ చేరేసరికి ఐసీయూ. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, క్లెబ్సియెల్లా వచ్చింది. ఇప్పుడు వార్డులో కోలుకుంటోంది. ఇది మేం పెట్టిన తిండి వల్ల వచ్చిందా, మందు ఎక్కించడానికి చేతికి పెట్టిన సన్నని గొట్టం, పిక్ లైన్, వల్ల వచ్చిందా, నాలుగో కీమోకి ఏం జాగ్రత్త పడాలి అని అడిగారు.

ముందు తిండి సంగతి. మీ వంట వల్ల వచ్చి ఉండే అవకాశం చాలా తక్కువ, ఆ బాధ మనసులో పెట్టుకోకండి. క్లెబ్సియెల్లా, ఈ.కోలై లాంటి బాక్టీరియా మనుషుల పేగుల్లో మామూలుగానే ఉంటాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తగా పుట్టే పొర. కీమో మందు వేగంగా పెరిగే కణాలను కొడుతుంది కాబట్టి క్యాన్సర్‌తో పాటు ఆ పొరనూ దెబ్బతీస్తుంది. చెరువు కట్టకు బుంగ పడినప్పుడు పారేది ఎప్పుడూ చెరువులో ఉన్న నీళ్లే. ఇక్కడా అంతే, లోపల ఉన్న బాక్టీరియానే బలహీనపడిన పొర దాటి రక్తంలోకి దిగుతుంది. దాన్ని పట్టి చంపాల్సిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సరిగ్గా ఆ రోజుల్లోనే అడుగంటి ఉంటాయి. కీమో రోగుల రక్తంలో చేరే ఇన్ఫెక్షన్లలో చాలా భాగం ఇలా లోపలి నుంచి వచ్చేవే.

ఆర్-చాప్ తీసుకునేవాళ్లు గమనించాల్సిన ఇంకో దారి మలద్వారం. ఇందులోని విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, మలబద్ధకం గట్టిగా వస్తుంది. ముక్కితే మలద్వారం దగ్గర చిన్న చీలిక పడుతుంది, బాక్టీరియాకు అది చాలు. ఇళ్లలో ఇలాంటప్పుడు సబ్బునీళ్ల ఎనిమా ఇవ్వడమో, గ్లిజరిన్ బిళ్ల పెట్టడమో చేస్తారు. కణాలు తగ్గి ఉన్న రోజుల్లో ఆ రెండూ వద్దు, మలద్వారంలో థర్మామీటరూ వద్దు. కీమో రోజు నుంచే లాక్టులోజ్ సిరప్ ఎంత, ఎన్నిసార్లు అని డాక్టరుతో రాయించుకోండి, విరేచనం సాఫీగా ఉండేట్టు చూసుకోండి. మొలల దగ్గర నొప్పి, మంట ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. చాలామంది ఆడవాళ్లు ఇది చెప్పరు, డాక్టరు మగవాళ్లయితే అసలే చెప్పరు. మీరే అడిగి తెలుసుకుని చెప్పండి.

పిక్ లైన్ విషయం ఊహించాల్సిన పని లేదు, లెక్క ఉంది. కల్చర్ కోసం లైన్ నుంచి, ఇంకో చేతి నరం నుంచి ఒకే సమయంలో, ఒకే పరిమాణంలో రక్తం తీసి ఉంటే, రెండు సీసాల్లో బాక్టీరియా ఎప్పుడు పెరిగిందో మెషిన్ సమయంతో సహా చూపిస్తుంది. లైన్ నుంచి తీసిన సీసా 2 గంటలు లేదా అంతకన్నా ముందు పాజిటివ్ అయితే ఇన్ఫెక్షన్ లైన్‌లో ఉన్నట్టు. రెండూ ఇంచుమించు ఒకేసారి అయితే మూలం వేరే చోట, బహుశా పేగు. వార్డు డాక్టరును ఈ ఒక్క మాట అడగండి: "రెండు సీసాల మధ్య టైం తేడా ఎంత?" ఇంట్లో గమనించే గుర్తు ఇంకొకటి ఉంది. లైన్‌లో సెలైన్ ఎక్కించి కడిగిన అరగంట, గంటలో ఒళ్లంతా వణుకు వస్తే లైన్‌ను అనుమానించాలి, చర్మం మీద ఎరుపు, చీము ఏమీ లేకపోయినా సరే. స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ అనే బాక్టీరియా గానీ, కాండిడా ఫంగస్ గానీ వచ్చినప్పుడు లైన్ తీసేయాల్సిందే. క్లెబ్సియెల్లా అయితే మూలం, రోగి పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. బీపీ పడిపోయేంత జరిగి, మూలం లైనే అని తేలితే ఉంచుకోవడంలో అర్థం లేదు.

ఇక జరిగినదాంట్లో ఎక్కడ సమయం పోయిందో చెప్తాను. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, మామూలు మనిషికి జ్వరం వస్తే మన దగ్గర జరిగేది ఇదే. కీమో మనిషికి మాత్రం ప్రతి అడుగూ వేరుగా ఉండాలి.

తెల్లకణాలు 900 అన్నప్పుడే ఆ ల్యాబ్ కాగితం ప్రమాదం చెప్పింది. చూడాల్సింది మొత్తం తెల్లకణాలు కాదు, వాటిలో న్యూట్రోఫిల్స్ ఎన్ని అని. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో డిఫరెన్షియల్ కౌంట్ దగ్గర న్యూట్రోఫిల్స్ శాతం ఉంటుంది. మొత్తాన్ని ఆ శాతంతో గుణించి 100తో భాగించండి. 900లో 30 శాతం అయితే 270. దీన్నే ఏఎన్‌సీ అంటారు. 1,500 పైన ఉంటే పర్వాలేదు. 500 కన్నా తక్కువ ఉండి జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ, 100 కన్నా తక్కువైతే ఇంకా తీవ్రం. ఈ సంబంధాన్ని 1966లో జెరాల్డ్ బోడీ, ఆయన సహచరులు లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల్లో లెక్కగట్టి చూపించారు: కణాలు ఎంత తక్కువైతే, ఎన్ని ఎక్కువ రోజులు తక్కువగా ఉంటే, ఇన్ఫెక్షన్ అంత ఎక్కువ. ఆర్-చాప్ లాంటి కీమోల్లో కణాలు అడుగంటే ఈ పల్లం మామూలుగా కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య వస్తుంది, 21వ రోజుకల్లా కణాలు తిరిగి లేస్తాయి. అక్యూట్ లుకేమియా మొదటి కీమోలో అయితే ఈ పల్లం వారాల తరబడి సాగుతుంది, వాళ్ల విషయం పూర్తిగా వేరు. కణాలు బాగా తగ్గినప్పుడు మెషిన్ ఇచ్చే శాతం నమ్మదగ్గది కాదు, స్లైడ్ వేసి కంటితో చూడమని ల్యాబ్ వాళ్లను అడగాలి.

న్యూట్రోఫిల్స్ లేకపోతే ఇన్ఫెక్షన్ గుర్తులు కూడా సరిగా కనబడవు. చీము అంటే చచ్చిన న్యూట్రోఫిల్స్ కుప్పే కదా, అవి లేనప్పుడు చీము ఎక్కడిది? గొంతు అంతగా ఎర్రబడకపోవచ్చు, న్యుమోనియా ఉన్నా మొదటి ఎక్స్‌రేలో మచ్చ కనబడకపోవచ్చు, మూత్రంలో చీము కణాలు రాకపోవచ్చు. "అన్నీ చూశాం, ఏమీ లేదు, వైరల్ జ్వరం" అన్న మాట ఈ రోగికి సరిపోదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. ఆ ఒక్కటీ డోలో మింగించి చల్లార్చేస్తే చేతిలో ఏమీ మిగలదు. ఆ రెండు సూదుల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉండి ఉంటే ఇంకా నష్టం. అది జ్వరాన్ని, వణుకును దించేస్తుంది, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తుంది, బాక్టీరియా మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండో సూది నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అయితే కిడ్నీ మీద భారం, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవాళ్లకు రక్తస్రావం భయం. పిర్రకు వేసే ఏ సూదైనా ప్లేట్‌లెట్ల లెక్క తెలియకుండా వద్దు.

వైడల్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఒక్కసారి చేసిన వైడల్ పాజిటివ్ వస్తే టైఫాయిడ్ ఉన్నట్టు కాదు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్లా, టీకా వల్లా, వేరే బాక్టీరియా వల్లా కూడా పాజిటివ్ వస్తుంది. మన జిల్లాల్లో ఏ జ్వరానికైనా ఈ పరీక్ష రాసే అలవాటు ఉంది. కీమో మనిషికి ఇది రోగాన్ని పక్కదారి పట్టిస్తుంది. వానాకాలంలో డెంగీతోనూ ఇదే చిక్కు: కీమో వల్ల తగ్గిన ప్లేట్‌లెట్లను చూసి డెంగీ అనుకుని సెలైన్లు పెట్టి కూర్చోబెడతారు. డెంగీ పరీక్ష చేయించండి, మలేరియాకూ చూడండి, తప్పులేదు. వాటి ఫలితం వచ్చేదాకా యాంటీబయాటిక్ ఆపడమే తప్పు.

సెఫ్ట్రియాక్సోన్ మంచి మందే, ఈ పనికి చాలదు. సూడోమోనాస్ మీద అది పనిచేయదు. మన దేశంలో ఆసుపత్రుల్లో దొరుకుతున్న క్లెబ్సియెల్లాలో చాలా భాగం దానికి లొంగదు. ఏఎన్‌సీ 500 కన్నా తక్కువ ఉన్న జ్వరానికి మొదటి మందుగా వాడేవి పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ (పైప్-టాజో) 4.5 గ్రాములు 6 గంటలకోసారి, లేదా సెఫిపైమ్ 2 గ్రాములు 8 గంటలకోసారి, లేదా మన దగ్గర చాలా చోట్ల వాడే సెఫోపెరజోన్-సల్బాక్టమ్. బీపీ పడిపోయి ఉన్నా, ఇంతకుముందు మొండి బాక్టీరియా వచ్చి ఉన్నా మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకోసారి, దానితో పాటు అమికాసిన్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక డోసు కలుపుతారు. ఇవి కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకు. మీ అంతట మీరు వేయించుకోవడానికి రాయలేదు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకు మీ ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఫోన్లో చెప్పే మాట మీకూ అర్థం కావాలని రాశాను. లైన్ దగ్గర ఇన్ఫెక్షన్, చర్మం మీద పుండు, న్యుమోనియా, షాక్ (బీపీ బాగా పడిపోవడం) ఉంటేనే వాంకోమైసిన్ లేదా టైకోప్లానిన్ కలుపుతారు, అందరికీ అక్కర్లేదు.

ఆసుపత్రి గుమ్మం తొక్కిన గంటలోపు మొదటి డోసు పడాలన్నది అంతటా పాటించే నియమం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అది సరే. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, హుజూర్‌నగర్ వైపు ఉన్నవాళ్లకు గుమ్మం దాకా వెళ్లడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే నేను ప్రతి ఇంటికీ చెప్పేది ఒకటే: కీమో ఎక్కించుకున్న రోజే, డిశ్చార్జి కాకముందే, జ్వరం వస్తే మొదటి సూది ఎక్కడ వేయించాలో తేల్చుకుని ఇంటికి రండి. హైదరాబాద్ రెండో మజిలీ. మొదటి మజిలీ ఇంటికి గంటలోపు దూరంలో, రాత్రి పూట డాక్టరు ఉండే చోటు కావాలి.

మీ విషయంలో అది దేవరకొండ సర్కారు దవాఖాన కావచ్చు, లేదా నల్లగొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. పాలమూరు వైపు వాళ్లకు మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి, భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్. నాలుగో కీమోకు ముందే పగటి పూట ఒకసారి వెళ్లి క్యాజువాలిటీలో మూడు విషయాలు కనుక్కోండి: పైప్-టాజో గానీ మెరోపెనెమ్ గానీ స్టాకులో ఉంటుందా, బ్లడ్ కల్చర్ సీసాలు ఉన్నాయా, రాత్రి సీబీపీ చేస్తారా. మందు అక్కడ ఉండదంటే ఆంకాలజిస్టు చీటీ మీద రెండు డోసులు కొని ఇంట్లో ఉంచుకోవచ్చా అని అడగండి. ఆ పొడి సీసాలు ఎండ తగలకుండా మామూలు గదిలో నిల్వ ఉంటాయి. కల్చర్ సీసాలు కూడా అంతే, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రక్తం పోసిన తర్వాత అసలే పెట్టకూడదు. దేవరకొండలో రక్తం తీసి హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి ల్యాబ్ తీసుకుంటుందా అన్నది ముందే అడిగి ఉంచుకోండి.

ఆసుపత్రుల్లోనూ తరచూ తప్పు జరిగేది కల్చర్ దగ్గరే. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి, రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో చోట రెండేసి సీసాలు. అంటే మొత్తం 40 మిల్లీలీటర్ల దాకా. "ఇప్పటికే రక్తం లేదు, ఇంత తీస్తారా?" అని ఇంటివాళ్లు అడ్డుపడతారు, దయచేసి అడ్డుపడకండి. రక్తంలో బాక్టీరియా చాలా పలచగా ఉంటుంది, మిల్లీలీటరుకు ఒకటి కూడా లేకపోవచ్చు. రెండు మిల్లీలీటర్లు తీసి పంపిస్తే నెగటివ్ రావడంలో వింత లేదు. లైన్ ఉంటే ఒక జత లైన్ నుంచి, ఒక జత చేతి నుంచి. చర్మం మీద క్లోర్‌హెక్సిడిన్-ఆల్కహాల్ రుద్ది అర నిమిషం ఆరనివ్వాలి, సీసా రబ్బరు మూతనూ స్పిరిట్‌తో తుడవాలి. ఇదంతా పది నిమిషాల పని. నరం దొరక్క ఆలస్యమవుతుంటే మాత్రం కల్చర్ కోసం మందు ఆపొద్దు.

మొదటి మజిలీలో పైప్-టాజో, మెరోపెనెమ్ రెండూ లేవు, సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్ మాత్రమే ఉన్నాయంటే? ఆంకాలజిస్టుతో ఫోన్లో మాట్లాడి ఆ రెండూ కలిపి వేయించుకుని బయలుదేరడం, ఏమీ లేకుండా మూడు గంటలు బండిలో కూర్చోవడం కన్నా మేలని నా అభిప్రాయం. ఒక్క సెఫ్ట్రియాక్సోన్ వేసి "రెండు రోజులు చూద్దాం" అనడం మాత్రం ఒప్పుకోకండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్లు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లు అమికాసిన్‌కు ముందు ఆ మాట తప్పక చెప్పాలి.

పై బీపీ 90 కన్నా తక్కువ, నాడి 120 దాటడం, ఆయాసం, మాట తడబడటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, ఇందులో ఏది ఉన్నా సొంత కారులో బయలుదేరకండి. 108కి ఫోన్ చేయండి, సెలైన్ పెట్టించి కదలండి. షాక్‌లో మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ లెక్క, 50 కిలోల మనిషికి లీటరున్నర. ఆర్-చాప్‌లో డాక్సోరూబిసిన్ ఉంటుంది, అది గుండె కండరాన్ని బలహీనపరచగలదు, కాబట్టి గుండెకు చేసిన చివరి ఎకో రిపోర్టు ఫైల్లో పైనే పెట్టండి. గుండె బలం తక్కువ ఉంటే సెలైన్ అంత వేగంగా పోయరు.

జ్వరం కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. 150, 200 రూపాయల డిజిటల్ థర్మామీటర్ చాలు, నాలుక కింద పెట్టండి, టీ తాగిన పావుగంట దాకా ఆగండి. ఒక్కసారి 101 దాటినా, 100.4 గంటసేపు నిలిచినా అది జ్వరం కిందే లెక్క. దూరం ఊళ్లవాళ్లు మాత్రం 100.4 ఒక్కసారి చూడగానే ఫోన్ చేయండి, గంట ఆగి మళ్లీ చూద్దామని కూర్చోకండి. నోట్లో పుండ్లు ఉంటే చంకలో పెట్టండి, అక్కడ ఒక డిగ్రీ ఫారన్‌హీట్ దాకా తక్కువ చూపిస్తుంది, 99.5 దాటి ఒళ్లు బాగోలేదంటే అదీ లెక్కే. 7వ రోజు నుంచి 14వ రోజు దాకా పొద్దున, మాపు రెండుసార్లు కొలిచి రాసిపెట్టండి. ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ వేయాల్సి వస్తే ముందు జ్వరం చూసి, తర్వాతే గోలీ ఇవ్వండి. ఆర్-చాప్‌లో మొదటి 5 రోజులు ప్రెడ్నిసొలోన్ గోలీలు ఉంటాయి, ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వణుకు, నీరసం, కడుపులో కుడివైపు కింద నొప్పి ఉంటే థర్మామీటర్ ఏం చూపినా ఫోన్ చేయండి. ఆ కుడివైపు నొప్పిని అపెండిసైటిస్ అని ఆపరేషన్ దాకా తీసుకుపోతారు, ఏఎన్‌సీ తక్కువ ఉన్నప్పుడు అది పేగు గోడకు పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కల్చర్ రిపోర్టు గురించి. దాన్ని జెరాక్స్ తీయించి, ఫోన్లో ఫోటో తీసి భద్రంగా పెట్టండి, వచ్చే జ్వరానికి అదే దారి చూపిస్తుంది. మందుల పేర్ల పక్కన ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. సెఫ్ట్రియాక్సోన్‌కు ఆర్, మెరోపెనెమ్‌కు ఎస్ ఉంటే వచ్చేసారి జ్వరానికి మెరోపెనెమ్‌తోనే మొదలుపెట్టమని డాక్టర్లు అంటారు, రిపోర్టులో పైప్-టాజోకు ఎస్ ఉన్నా సరే. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో ఇలాంటి ఈ.కోలై, క్లెబ్సియెల్లాకు పైప్-టాజో ఇచ్చినవాళ్లలో 30 రోజుల్లో 12.3 శాతం చనిపోతే, మెరోపెనెమ్ ఇచ్చినవాళ్లలో 3.7 శాతం. మెరోపెనెమ్‌కు కూడా ఆర్ ఉంటే సంగతి వేరు, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌తో అజ్‌ట్రియోనామ్ కలిపి ఇవ్వడమో, పాలిమిక్సిన్ ఇవ్వడమో చేయాలి. అవి అన్ని ఆసుపత్రుల్లో దొరకవు, అలాంటి రోగికి మొదటి మజిలీ ఎక్కడో ఆంకాలజిస్టే నిర్ణయించాలి. ఆ బాక్టీరియా పేగులో నెలల తరబడి ఉండిపోవచ్చు కాబట్టి "అప్పుడు తగ్గిపోయింది కదా" అనుకోవద్దు.

మందు ఎన్ని రోజులు అన్నదానికి: ఇలాంటి బాక్టీరియాకు 7 రోజులు చాలని తేల్చిన అధ్యయనాలు న్యూట్రోఫిల్స్ బాగా తగ్గినవాళ్లను పక్కనపెట్టి చేసినవి. మీ అమ్మ విషయంలో జ్వరం పోయి, ఏఎన్‌సీ 500 దాటి పైకి వస్తోందా, మూలం తొలగిందా అన్నవి చూసి ఆపుతారు, సాధారణంగా 7 నుంచి 14 రోజులు. స్టాఫ్ ఆరియస్ అయితే కల్చర్ నెగటివ్ అయిన రోజు నుంచి కనీసం 14 రోజులు, కాండిడా అయితే అదే లెక్కన 14 రోజులు, పైగా కంటి పరీక్ష. సరైన మందు పడినా జ్వరం వెంటనే దిగదు. రొమ్ము, ఊపిరితిత్తుల లాంటి అవయవాల్లో గడ్డగా వచ్చే క్యాన్సర్లలో రెండు రోజులు, లింఫోమా, లుకేమియా లాంటి రక్త క్యాన్సర్లలో ఐదు రోజుల దాకా పట్టడం మామూలే. బీపీ నిలబడి, మనిషి తేటగా ఉంటే రోజుకో మందు మార్చమని డాక్టరు మీద ఒత్తిడి తేకండి. 4 నుంచి 7 రోజులు దాటినా జ్వరం ఆగకపోతే ఫంగస్ కోసం వెతకాలి, ఛాతీ సీటీ అందుకే రాస్తారు.

నాలుగో కీమో. లింఫోమా నయం చేయడానికే ఇస్తున్న కీమో ఇది, భయంతో మానేయడం గానీ, నెలలు వాయిదా వేయడం గానీ క్యాన్సర్‌కే లాభం. ఒకసారి ఇలా జరిగాక మిగతా కీమోలన్నిటికీ కణాలు పెంచే సూది, జీసీఎస్ఎఫ్, ఇవ్వాలి. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మిల్లీగ్రాములు ఒక్క డోసు, కీమో అయిన 24 గంటల తర్వాతే, అంతకుముందు కాదు. లేదా ఫిల్‌గ్రాస్టిమ్ కిలోకు 5 మైక్రోగ్రాములు, మన దగ్గర ఎక్కువగా 300 మైక్రోగ్రాముల సీసా, కీమో తర్వాత 1 నుంచి 3 రోజుల మధ్య మొదలుపెట్టి కణాలు లేచేదాకా రోజూ. కీమో అదే రోజు ముగిసి మీరు బస్సెక్కి వచ్చేస్తే మర్నాటి సూది మానేయడమే ఎక్కువగా జరుగుతుంది. ఐస్ ప్యాకులున్న ఫ్లాస్కులో తెచ్చుకోండి, ఇంట్లో 2 నుంచి 8 డిగ్రీల దగ్గర, అంటే ఫ్రిజ్ మధ్య అరలో ఉంచండి. పై డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టనివ్వకండి. పొట్ట చర్మం కింద వేసే సూది, పీహెచ్‌సీ సిస్టర్ వేయగలరు. నడుము, రొమ్ము ఎముకల్లో నొప్పి వస్తుంది, అది మందు పనిచేస్తున్నందుకే. ఆరోగ్యశ్రీలో చేయిస్తున్నట్టయితే ఈ సూది, జ్వరం వచ్చి చేరినప్పటి ఖర్చు అందులోకి వస్తాయా అని ఆరోగ్యమిత్రను కీమో రోజే అడగండి, అర్ధరాత్రి అడిగే మాట కాదు. లైన్ ఉంచితే పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ వారానికోసారి, తడిసినా ఊడినా అదే రోజు మార్చాలి. కడగడానికి 10 మిల్లీలీటర్ల సిరంజీయే వాడాలి, చిన్న సిరంజీతో ఒత్తిడి పెరిగి గొట్టం పగలొచ్చు. పసుపు, పసరు ఏదీ దాని మీద రాయకండి.

తిండి దగ్గర అతి పత్యాలు పెట్టి మనిషిని నీరసపెట్టకండి. పచ్చివన్నీ మాన్పించే కఠిన ఆహారం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు అధ్యయనాల్లో తేలలేదు. వేడిగా వండినది, శుభ్రంగా కడిగి ఇంట్లో ఒలిచిన పండు, పూర్తిగా ఉడికిన గుడ్డు, మాంసం పెట్టండి. కోసి అమ్మే పండ్లు, చద్దన్నం, బండి మీద చట్నీ కీమో తర్వాత రెండు వారాలు వద్దు. నీళ్లు మరగకాచి చల్లార్చినవి. ఫ్లోరైడ్ కోసం పెట్టుకున్న ఫిల్టరు, కొనే బబుల్ నీళ్లు బాక్టీరియాకు హామీ కావు. విరేచనాలకు మెడికల్ షాపులో ఇచ్చే ఈస్టు, లాక్టోబాసిల్లస్ పొట్లాలు ఏఎన్‌సీ తక్కువున్నప్పుడు వద్దు, అవే రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. వేపపుల్లతో పళ్లు తోమడం ఆపి మెత్తని బ్రష్ వాడమనండి, గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. గడ్డివాము, వడ్ల దుమ్ము, బూజు పట్టిన పల్లికాయ బస్తాల దగ్గరికి పంపకండి, ఫంగస్ విత్తులు గాలిలో వచ్చేది అక్కడే.

చివరగా కల్లు. పచ్చి కల్లు ఈస్టు, బాక్టీరియా నిండిన పానీయం, ఆ రెండు వారాలు ముట్టకూడదు. అయితే రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లు ఉంటే ఆసుపత్రిలో చేరేటప్పుడే ఆ మాట డాక్టరుకు చెప్పండి. మన వైపు దుకాణాల్లో అల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తు మందులు కలిపిన కల్లు అమ్మిన కేసులు ఎన్నో ఉన్నాయి. అది ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరింతలు, ఫిట్స్ వస్తాయి. ఆ విషయం తెలియని డాక్టరు దాన్ని ఇన్ఫెక్షన్ మెదడుకు ఎక్కిందనుకుని వేరే దారిలో వెళ్తారు. తెలిస్తే దానికి వేరే మందు ఉంది, మొదటి రోజు నుంచే ఇస్తారు.